మడులపేటకి ఉప్పు

సోమలింగంగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాడి ముఖం ఒకసారి తేరిపార చూసి, చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. మనసంటే ఏమిటని అడిగిన ఒక ప్లీడరుగారి చేత మూడు రోజులు బావి గట్టు కడిగించారని ఆశ్రమంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ప్లీడరుగారికి మనసంటే ఏమిటో తెలిసిందో లేదో గాని, నాలుగో రోజు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా బస్సెక్కారు. ఆశ్రమమంటే పెద్ద హంగులేవో ఊహించుకోకండి. శ్రీకాకుళం వైపు, సముద్రానికి పాతిక మైళ్ళ లోపల, రెండు పెంకుటిళ్ళు, ఒక వంటపాక, వచ్చినవాళ్ళకి రెండు పూటలా అన్నం. గురువుగారు పూర్వం వడ్రంగి పని చేసినవారు. డెబ్భై దాటాక కూడా ఆశ్రమంలో ఊగే తలుపు ఏదైనా ఉంటే ఉలీ సుత్తీ పట్టుకుని ఆయనే కూర్చునేవారు.

ఆయన దగ్గర తారకం అనే శిష్యుడు ఉండేవాడు. ఇరవై ఏళ్ళు ఒక లారీ ఆఫీసులో పనిచేసి, పెళ్ళీ పెటాకులూ వద్దనుకుని, నలభై ఐదో ఏట ఇటు వచ్చినవాడు. ఏ లారీకి ఎంత బరువెత్తాలి, ఏ మూట కింద ఉండాలి, ఏ మూట పైన ఉండాలి అన్న విషయంలో అతన్ని మించినవాడు లేడు. ఆ సంగతి అతనికీ తెలుసు. మంచివాడే. ఎవరికి ఆపద వచ్చినా ముందు తనే బయలుదేరతాడు. కాకపోతే, చేసిన పని ఎంత చక్కగా చేశాడో ఎదుటివాళ్ళు ఒకసారి చూసి తల పంకిస్తే బాగుండునని అతని లోపల ఒక చిన్న ఆశ ఉండేది. అంతమాత్రం ఆశ లేనివాడు మనలో మాత్రం ఎవడున్నాడు లెండి!

ఆ ఏడు అక్టోబరులో వచ్చిన తుఫాను ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా కొట్టింది. కరెంటు స్తంభాలు పడుకున్నాయి, తాటిచెట్లు తలలు లేకుండా నిలబడ్డాయి. సముద్రపు ఒడ్డున ఊళ్ళకి రోడ్లు తెగిపోయాయని రెండో రోజు కబురు తెలిసింది. ఆశ్రమంలో అందరూ వసారాలో గుమిగూడి, ఎవరికి ఏం పంపాలని మాట్లాడుకుంటూ ఉండగా తారకం గురువుగారి ముందుకు వచ్చాడు.

"గురువుగారూ! దానం పుచ్చుకునేవాడికి అర్హత ఉండాలని పెద్దలు చాలాచోట్ల రాశారు. ఇచ్చేవాడికి ఏ అర్హత ఉండాలో మాత్రం నాకెక్కడా సరిగ్గా కనిపించలేదు. ఏముండాలండీ?"

నిజం చెప్పాలంటే, 'నీలాంటి ఓపికా నేర్పూ ఉండాలి నాయనా' అంటారేమోనని అతను ఎదురు చూశాడు. సోమలింగంగారు అతని ముఖం ఒకసారి చూసి, "మడులపేటకి ఇంకా ఎవరూ వెళ్ళలేదట. అరవై నాలుగు గడపలు. లారీ మాట్లాడు, ఏర్పాట్లన్నీ నువ్వే చూడు. నేనూ వస్తాను" అన్నారు.

తారకం అప్పటికప్పుడు పనిలో దిగాడు. కొత్త తుండుగుడ్డలు అరవై నాలుగు తెప్పించాడు. ఒక్కొక్క తుండులో అయిదు కిలోల బియ్యం, కిలో కందిపప్పు, అరకిలో పంచదార, నూనె ప్యాకెట్టు, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, ఒక సబ్బు. మూటలు కట్టే పని వంటపాకలో మాణిక్యమ్మ చేతిమీదుగా జరిగింది. ఆవిడ పాతికేళ్ళుగా ఆశ్రమానికి వండి పెడుతున్న మనిషి. ఆవిడ ప్రతి తుండు పరచగానే ముందు ఒక కిలో ఉప్పు పొట్లం అడుగున పెట్టి, ఆ తరవాతే బియ్యం పోసింది. "ముందు ఉప్పెందుకు పిన్నిగారూ?" అని ఎవరో అడిగితే, "ఉప్పు లేని వంట ఏం వంట?" అని ఊరుకుంది. ఆవిడ దగ్గర ఒక పట్టింపు ఉంది. భోజనాల దగ్గర ఎవరైనా ఉప్పుకోసం చెయ్యి చాస్తే చేతిలో పెట్టేది కాదు. గిన్నె తెచ్చి నేల మీద పెట్టి, "అదుగో, తీసుకో" అనేది. ఉప్పు చేతికిస్తే తగువులొస్తాయని ఆవిడ నమ్మకం. ఈ మాట మీ ఇళ్ళలోనూ వినే ఉంటారు. తారకానికి మాత్రం ఇలాంటివి నచ్చవు. వంగి తీసుకోవలసి వచ్చినప్పుడల్లా ముసిముసిగా నవ్వుకునేవాడు.

మూడో రోజు తెల్లవారేసరికి లారీ బయలుదేరింది. సామాను మీద ఒక కన్నేసి ఉంచాలని మాణిక్యమ్మ కూడా ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. ఎనిమిది గంటలకి వాళ్ళు కల్వర్టు తెగిన చోటికి చేరుకున్నారు. అక్కణ్ణించి ముందుకి రోడ్డు లేదు, నీళ్ళే. మడులపేట ఆ నీళ్ళకి అవతల, మూడు కిలోమీటర్ల దూరంలో దిబ్బ మీద ఉంది. గట్టు వెంట చుట్టు తిరిగితే మనిషి ఎలాగో వెళ్ళగలడు గాని బరువులు వెళ్ళలేవు. ఒడ్డున రెండు నాటు పడవలు మాత్రం దొరికాయి. పెద్ద పడవవాడు మూటలూ మంచినీళ్ళ డబ్బాలూ ఒకసారి చూసి తల అడ్డంగా తిప్పాడు.

"రెండే రెండు సార్లు తిప్పగలం బాబూ. ఆ తరవాత మేం అవతలి ఊరికి ఎల్లాల, అక్కడ మడుసులు మిద్దెలెక్కి కూకున్నారు. సాయంత్రం వొచ్చి మిమ్మల్ని ఎక్కించుకుంటాం. ఈ బరువు పట్టదు. తగ్గించుకోండి."

తారకం ఒక్క నిమిషం ఆలోచించాడు. బియ్యం తగ్గించకూడదు. మంచినీళ్ళు అసలే తగ్గించకూడదు. మూడు డబ్బాలు ఒడ్డునే మిగిలిపోయేట్టున్నాయి. చప్పున అతనికి ఒక సంగతి తట్టింది, తట్టినందుకు ముఖం వెలిగింది.

"మూటల్లోంచి ఉప్పు తీసెయ్యండి! అరవై నాలుగు కిలోలు తేలికవుతుంది. మనం వెళ్తున్నది మడులపేటకి. ఆ ఊళ్ళో పనే ఉప్పు పండించడం. ఉప్పు కుప్పల మధ్యన కాపురం చేసేవాళ్ళకి మనం ఉప్పు మోసుకెళ్ళడమేమిటి?"

అక్కడున్నవాళ్ళందరూ నిజమేనన్నారు. లారీ డ్రైవరు కూడా మెచ్చుకున్నాడు. మాణిక్యమ్మ ఒక్కతే దిగి వచ్చి, "ఉంచు నాయనా. కావాలంటే సబ్బులు తీసెయ్యి" అంది. తారకం నవ్వి, "పిన్నిగారూ, సబ్బులన్నీ కలిపినా పది కిలోలు లేవు. మీరు కూర్చోండి" అన్నాడు. ఆవిడ గురువుగారి వైపు చూసింది. గురువుగారు తారకాన్ని ఆపలేదు. ముళ్ళు విప్పి, అడుగున ఉన్న పొట్లాలు లాగి, మళ్ళీ ముళ్ళు వేసేసరికి గంట పట్టింది. తీసిన ఉప్పు లారీలో పెట్టి, దానికి కాపలాగా మాణిక్యమ్మని ఉంచి, మిగిలినవాళ్ళు పడవలెక్కారు. మంచినీళ్ళ డబ్బాలు మూడూ వాళ్ళతో వెళ్ళాయి. తారకం చేసింది తెలివితక్కువ పనని అప్పుడు ఎవరూ అనలేరు. నేనైనా అదే చేసి ఉండేవాణ్ణి.

పడవ ఉప్పు పండించే మడుల మీదుగా వెళ్ళింది. ఎండాకాలంలో అద్దాలు పరిచినట్టు తెల్లగా మెరిసే మడులు ఇప్పుడు గట్లు కూడా తెలియకుండా ఒకే బురదనీరుగా ఉన్నాయి. ఎత్తుగా కట్టిన తిన్నెలు మాత్రం అక్కడక్కడ బయటికి కనిపిస్తున్నాయి. ఉప్పు కుప్పలు పోసేది ఆ తిన్నెల మీదే. వాటి మీద కప్పిన తాటాకులు ఎటో కొట్టుకుపోయాయి. తిన్నెలు బోసిగా ఉన్నాయి. తారకం వాటిని చూశాడు. చూస్తూనే, మొదట ఎవరిని పిలవాలి, వరస ఎక్కడ పెట్టాలి అని ఆలోచించుకుంటూ కూర్చున్నాడు.

ఊరు ఊరంతా బడిలో ఉంది. పడిపోకుండా నిలబడ్డ పక్కా కట్టడం అదొక్కటే. బడి వసారా నేలకి నాలుగు మెట్లు ఎత్తున ఉంటుంది. తారకం మూటలన్నీ వసారా మీదికి చేర్పించి, పై మెట్టు మీద నిలబడి, కింద ఆవరణలో జనాన్ని వరసగా నిలబెట్టాడు. తోపులాట లేదు, కేకలు లేవు. పేరు అడగడం, మూట అందించడం, తరవాత మనిషిని పిలవడం. కిందినుంచి చేతులు పైకి వచ్చేవి, పైనుంచి మూటలు కిందికి దిగేవి. అన్నం మొహం చూసి రెండు రోజులైనవాళ్ళు మూట గుండెకి హత్తుకుని వెళ్తుంటే తారకానికి కళ్ళు చెమర్చాయి. ఆ చెమ్మలో కల్తీ ఏమీ లేదు. సోమలింగంగారు ఈ సందడికి దూరంగా, తరగతి గదిలో జబ్బుగా పడుకున్న ముసలివాళ్ళ దగ్గర కూర్చున్నారు.

వరసలో పాతికేళ్ళ మనిషి ఒకామె వచ్చింది. పేరు అసిరమ్మ అని చెప్పింది. మూట అందుకుని గబగబా పక్కకి వెళ్ళి, అక్కడే నేల మీద కూర్చుని ముడి విప్పి వెతుక్కుంది. తరవాత పక్కావిడ మూట కూడా విప్పించి చూసింది. కాసేపటికి మళ్ళీ వరస చివర వచ్చి నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి తారకం గుర్తుపట్టాడు.

"నీకు ఇచ్చాను కదమ్మా. ఇంటికొక్కటే."

ఆమె ఏదో అనబోయి, వెనక నిలబడ్డవాళ్ళని చూసి తప్పుకుంది. అయితే పోలేదు. మెట్ల పక్కనే గోడకి ఆనుకుని నిలబడింది. వరస అయిపోయింది, అరవై నాలుగో మూట కూడా ఇచ్చేశాడు. అప్పుడు మూడోసారి వచ్చింది. తారకానికి కొంచెం చిరాకు వేసింది. ఎక్కడికెళ్ళినా ఇలాంటివాళ్ళు ఒకరుంటారు అనుకున్నాడు.

"నా మూటలో ఒకటి తక్కువైనట్టుంది బాబూ" అంది ఆమె నెమ్మదిగా.

"ఏమిటది?"

ఆమె చుట్టూ చూసింది. తరవాత కిందికి చూస్తూ, "ఉప్పు" అంది.

తారకం గట్టిగా నవ్వేశాడు. హేళన చెయ్యాలని కాదు. పొద్దున్నుంచి నిలబడి ఉన్న అలసటలో ఆ మాట అతనికి నిజంగానే వింతగా తోచింది. "ఉప్పా? ఉప్పు మడుల్లో కూర్చుని ఉప్పు అడుగుతున్నావేమిటమ్మా!" అన్నాడు అందరికీ వినపడేలా. మిగిలినవాళ్ళు కూడా తనతో నవ్వుతారనుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు ముఖాలు పక్కకి తిప్పుకున్నారు. మెట్ల దగ్గర కూర్చున్న గవరయ్య అనే పెద్దాయన కర్ర పట్టుకుని లేచాడు. మడులపేటలో అతని మాటకి ఎదురు లేదు.

"అసిరీ! నోరు మూసుకుని లోనికెల్లు. పరాయోళ్ళని ఉప్పు అడిగినావా?"

అసిరమ్మ అంతవరకూ వంచుకున్న తల ఎత్తింది. "అడిగినాను మావా! అడిగినాను. నా గుంట పొద్దున్నుంచి కళ్ళు ఇప్పడం నేదు. అది సచ్చిపోతే, మీ పరువు నాకింకో గుంటని ఇస్తాదేటి?" అని ఒక్కసారిగా భోరుమంది. గవరయ్య కర్ర కింద పెట్టాడు. అతను మళ్ళీ కూలబడ్డాడు.

తరగతి గది గుమ్మంలో సోమలింగంగారు నిలబడి ఉన్నారు. "పాప ఈ గదిలోనే ఉంది తారకం. రా" అన్నారు.

నాలుగేళ్ళ పిల్ల, పేరు నీలవేణి. బల్ల మీద పాత చీర పరిచి పడుకోబెట్టారు. నిన్నటినుంచి విరేచనాలు. పెదవులు ఎండి బీటలు వేశాయి, కళ్ళు లోపలికి పోయాయి. గురువుగారు పిల్ల పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలారు. అది వెంటనే సర్దుకోలేదు, ముడతగా నిలిచిపోయింది. తండ్రి తెల్లవారకుండానే నర్సమ్మని తీసుకొస్తానని మండల కేంద్రానికి నడిచి వెళ్ళాడట, ఇంకా రాలేదు. ఇలాంటప్పుడు కాచి చల్లార్చిన నీళ్ళలో పంచదారా ఉప్పూ కలిపి గుక్కగుక్కగా పట్టాలని ఆ ఊళ్ళో ఆడవాళ్ళకి తెలుసు. నర్సమ్మ చెప్పిన మాటే. పంచదార మూటలో వచ్చింది. ఉప్పే లేదు.

"మడి నీళ్ళు కాసి పట్టినాం బాబూ, కక్కేసినాది" అంది అసిరమ్మ. "ఈ నీళ్ళల్లో సచ్చిన గొడ్లున్నాయి. ఏటి సెయ్యాల?"

తారకం గదిలో ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. "ఇన్ని ఇళ్ళల్లో... ఒక్క ఇంట్లో కూడా గుప్పెడు ఉప్పు లేదా?" అన్నాడు.

జవాబు గవరయ్య చెప్పాడు. అతను గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా ఆగిపోయాడు. "మేం ఉప్పు ఇంట్లో ఎట్టుకోం బాబూ. కుప్ప వాకిట్లోనే ఉంటాది, కూరకి కావలిస్తే ఎల్లి పిడికెడు తెచ్చుకుంటాం. మడి మీద ఉప్పుండగా ఇంట్లో దాసుకుంటే మడి అలుగుతాదని మా తాతలు సెప్పినారు. గాలి ఆకులు లేపీసినాది, వాన కుప్పలు కరిగించీసినాది. ఒక్క రాత్రిలో ఏడాది పంట నీళ్ళయిపోనాది. నాలుగు పూటల్నించి సప్పిడి గంజి తాగతన్నాం."

"మరి నాతో ముందే చెప్పొచ్చు కదా పెద్దాయనా!"

"ఎలా సెప్తాం? ఈ సుట్టుపక్కల ఊళ్ళోళ్ళు పెళ్ళికీ పేరంటానికీ మా మడికొచ్చి ఉప్పు అట్టుకెళ్తారు. ఎన్నడూ ఒకరిని కాదన్నేదు. అలాటి మేం ఉప్పు నేదని సెయ్యి సాస్తే సూసినోడు నవ్వడా? నవ్వుతారనే ఊరంతా అడక్కూడదనుకున్నాం."

నవ్వినవాడు ఎదురుగానే ఉన్నాడు. గవరయ్య ఆ మాట ఎత్తిపొడవాలని అనలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడంతే. అందుకే అది తారకానికి మరింత లోతుగా గుచ్చుకుంది. నవ్వు వెనక్కి తీసుకునే దారి ఉంటే ఆ క్షణాన తన ఇరవై ఏళ్ళ నేర్పూ ఇచ్చేసేవాడు.

"గురువుగారూ, నేనే తీయించాను" అన్నాడు.

"నేనూ చూశాను కదా. నాకూ సబబుగానే తోచింది" అన్నారు సోమలింగంగారు. "తప్పు ఎవరిదో తరవాత పంచుకుందాం. ప్రస్తుతం నేను పాపకి గంజి మీది తేట పడుతూ ఉంటాను. నువ్వు ఏం చెయ్యగలవో చూడు."

పడవలు వెళ్ళిపోయాయి. సాయంత్రం గాని రావు. తారకం పంచె ఎగ్గట్టి గట్టు పట్టుకున్నాడు. గవరయ్య వెనకనుంచి, రెండు చోట్ల గట్టు తెగింది, అక్కడ ఎడమ పక్కన కొయ్యలు పాతి ఉంటాయి, వాటిని ఆనుకుని దిగమని కేకేసి చెప్పాడు. ఆ నడక గురించి తారకం తరవాత ఎప్పుడూ ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు, అందుచేత నేనూ ఎక్కువ చెప్పలేను. మోకాలి దాకా దిగబడే బురదలో చెప్పులు పోయాయి. మొదటి గండి దగ్గర నీళ్ళు నడుం దాకా వచ్చాయి, రెండో గండి దగ్గర ఛాతీ దాకా. దారి పొడుగునా బోసి తిన్నెలు కనిపించాయి. పొద్దున వాటి పక్కనుంచే పడవలో వచ్చాడు. ఉప్పు లేదన్న సంగతి అవి పొద్దున్నే అతనితో చెప్పాయి. పరాకు పడ్డవాడు తనే.

లారీ దగ్గరికి చేరేసరికి మాణిక్యమ్మ రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని ఉంది. ఒంటరిగా, చెప్పులు లేకుండా, బురదతో వస్తున్న అతన్ని చూసి లేచింది. ఏమైందని అడగలేదు, నేను ముందే చెప్పానుగా అని అంతకన్నా అనలేదు.

"ఎన్ని మొయ్యగలవు నాయనా?" అంది.

"ఇరవై."

ఇరవై పొట్లాలు గోతంలో వేసి, తడవకుండా పైన ప్లాస్టిక్ పట్టా చుట్టి, తాడుతో బిగించింది. అప్పుడు గోతాన్ని అతని కాళ్ళ దగ్గర నేల మీద పెట్టింది. "మంచినీళ్ళు తాగి వెళ్ళు" అంది. తారకం తాగాడు. వంగి గోతం ఎత్తుకున్నాడు. ఈసారి నవ్వుకోలేదు.

తిరుగు దారిలో రెండో గండి దగ్గర గోతం నెత్తిన పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని దిగాడు. మధ్యలో కాలు జారింది. తను మునిగినా చేతులు మాత్రం పైకే ఉంచాడు. ఉప్పునీళ్ళు నోట్లోకీ ముక్కులోకీ పోయాయి. చుట్టూ ఇన్ని వేల మడుల ఉప్పు నీళ్ళై పోయి ఉంటే, నెత్తి మీదున్న ఇరవై కిలోలు తడవకూడదని ప్రాణం గిలగిలలాడింది.

అతను బడికి చేరేసరికి మూడు దాటింది. అసిరమ్మ మెట్ల మీదే కూర్చుని ఉంది. పక్కన చెంబులో కాచి చల్లార్చిన నీళ్ళు, పంచదార కలిపి సిద్ధంగా ఉన్నాయి. తారకం మెట్టెక్కి గోతం దించి, ఒక పొట్లం చించి, గుప్పెట నిండా ఉప్పు తీసి ఆత్రంగా ఆమె వైపు చాచాడు.

ఆమె చెయ్యి చాచలేదు. పిల్ల ప్రాణం మీదికి వచ్చి ఉన్నా చాచలేదు. పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుని, చిన్న గిన్నె ఒకటి తెచ్చి నేల మీద పెట్టింది.

"కింద ఎట్టు బాబూ. మనకీ మనకీ తగువొద్దు."

తారకం మెట్టు మీదనుంచి కిందికి దిగాడు. నడుం వంచి, నేల మీదున్న గిన్నెలో ఉప్పు పోశాడు. పొయ్యడంలో అతని తల ఆమె మోకాళ్ళ దాకా వంగింది. "నవ్వాను తల్లీ. తప్పయిపోయింది" అన్నాడు అలా వంగి ఉండగానే. ఆమె విన్నదో లేదో తెలియదు, అప్పటికే గిన్నె తీసుకుని లోపలికి పరిగెత్తింది.

చెంచాతో పట్టింది. మొదటి చెంచా పెదవుల పక్కనుంచి కారిపోయింది. రెండోది కూడా అంతే. మూడోదానికి గొంతు కదిలింది. గురువుగారు పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, అసిరమ్మ చెంచా తరవాత చెంచా పడుతూనే ఉంది. తారకం గుమ్మం దగ్గర నిలబడి, ఒక్కొక్క గుటకా దిగుతుంటే తన గొంతే కదుపుతున్నాడు. అలా ఎంతసేపో నిలబడేవాడే గాని, వెనకనుంచి గవరయ్య పిలిచాడు.

"బాబూ, మిగిలింది..."

తారకం వెనక్కి తిరిగాడు. ఆవరణలో ఊరంతా ఉంది. ప్రతి ఇంటి మనిషీ ఒక గిన్నో, చిప్పో, కొబ్బరి పెంకో తెచ్చుకున్నారు. ఎవరూ చెయ్యి చాచి లేరు. పాత్రలన్నీ నేల మీద పెట్టి, ఎవరి పాత్ర వెనక వాళ్ళు నిలబడి ఉన్నారు. అడగడానికి ముఖం చెల్లక కాబోలు, ఎక్కువమంది ఇంకా పక్కకే చూస్తున్నారు. తారకం గోతం భుజాన వేసుకుని దిగాడు. ఒక్కొక్క పాత్ర దగ్గర ఆగి, వంగి, దోసెడు పోసి, లేచి, తరవాత పాత్ర దగ్గరికి వెళ్ళాడు. ఈసారి పేర్లు అడగలేదు. అరవై నాలుగు పాత్రలూ అయ్యేసరికి గోతం అడుగున కాస్త మిగిలింది. దాన్ని గవరయ్య ముందు పెట్టి, "ఇది మడికి. వచ్చే ఏడు దిగుబడి బాగుండాలి" అన్నాడు. ఇలాంటి నమ్మకాలు అతనికి నచ్చవని ముందే చెప్పాను. ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. గవరయ్య ఆ ఉప్పుని కళ్ళకి అద్దుకుని, మొట్టమొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. "మడి పండినాక రా బాబూ. నీకు కావలసినంత అట్టుకెళ్దువు గాని" అన్నాడు.

పొద్దు వాలుతుండగా నీలవేణి కళ్ళు తెరిచింది. పొద్దున్నుంచి ఒంటికి వెళ్ళని పిల్ల కాసేపటికి చీర తడిపింది. ఆ తడి చూసి అసిరమ్మ నవ్వుతూ ఏడ్చింది, గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ ఆమెతో పాటు ఏడ్చారు. అప్పటికి తండ్రి కూడా నర్సమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు. నర్సమ్మ పిల్లని చూసి, ఇంక భయం లేదు, రాత్రంతా ఇలాగే పడుతూ ఉండమంది. ఏ పొయ్యి మీదనుంచో ఉప్పు వేసిన పప్పు వాసన వస్తోంది. పడవలు తిరిగి వచ్చి పిలుస్తుంటే గురుశిష్యులు బయలుదేరారు.

పడవలో తారకం నడుం పట్టుకుని మూలిగాడు. అటు వాలి, ఇటు వాలి, ఎలా కూర్చున్నా సుఖం లేదు. తిన్నెలు ఒకటొకటీ వెనక్కి పోతుంటే చూస్తూ ఉన్నాడు. చివరికి, నిన్నటి ప్రశ్నలా కాకుండా, తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

"విచిత్రంగా ఉంది గురువుగారూ. పొద్దున అంతంత బరువు మూటలు అరవై నాలుగు ఇచ్చాను, ఒంటికి ఏమీ తెలియలేదు. సాయంత్రం దోసెడేసి ఉప్పు ఇచ్చేసరికి నడుం విరిగిపోయింది."

సోమలింగంగారు నీళ్ళలో చేతులు కడుక్కుంటున్నారు. తల ఎత్తకుండానే అన్నారు:

"పొద్దున నువ్వు నిలబడి ఇచ్చావు నాయనా."